ముప్పై ఎనిమిదో కిలోమీటరు

"సాయంత్రం ఐదింటి దాకే సార్ టైము," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఐదింటికి బండి తుక్కు యార్డుకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత మేస్త్రిగారు వాంగ్మూలం మీద సంతకం పెడతారు. ఆయనే పెడతానన్నారు. నేను బలవంతం చేశానని మాత్రం అనకండి."

డిటెక్టివ్ చేతి గడియారం చూసుకున్నాడు. పది దాటి ఐదు నిమిషాలు.

ఇన్‌స్పెక్టర్ కూర్చున్న కుర్చీలో నాలుగేళ్ళ కిందటి వరకూ అతనే కూర్చునేవాడు. ఎదుటివాడు అతని దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా బాగా వంటబట్టింది ఫైలు తొందరగా మూసేయడం. రిటైరయ్యాక డిటెక్టివ్ సొంతంగా కేసులు చూడటం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"ఆ కాగితం ఒకసారి చూడొచ్చా?"

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద నుంచి తోశాడు. నాలుగే వాక్యాలు. 'నా కూతురి ట్రక్కుకి నేనే రిపేరు చేశాను. సరిగా చేయలేదు. ఆరు రోజుల తర్వాత కొండ దిగే రోడ్డు మలుపులో బండి గోడని గుద్దుకుంది. నా కూతురు చనిపోయింది.' దాని కింద ఇన్‌స్పెక్టర్ తన చేతిరాతతో ఇంకొకటి చేర్చాడు. 'డ్రైవరు కునికిపాటు పడి ఉండవచ్చు. రోడ్డు మీద బ్రేకు గీతలు లేవు.'

"తండ్రికి సగం, కూతురికి సగం. బాగానే పంచావు."

"సాక్ష్యం పంచింది సార్, నేను కాదు. మీరు ఆ అమ్మాయికి మేనమామ. మేస్త్రిగారికి బావమరిది. ఇంకొకరైతే బండి పెట్టిన షెడ్డు తాళం కూడా ఇచ్చేవాణ్ణి కాదు."

డిటెక్టివ్ తాళం అందుకుని బయటికి వచ్చాడు. ఇది అతను ఏరికోరి తీసుకున్న కేసు కాదు. మూడు రోజుల కిందట అక్క అతని ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ చెయ్యి తప్పు చేసిందో లేదో నాకు తెలియాలి. చేసిందంటే చేసిందని చెప్పు, ఎలాగో తట్టుకుంటాను. తెలీకుండా మాత్రం ఆ మనిషి ఎదురుగా కూర్చుని ముద్ద మింగలేకపోతున్నాను," అంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్నో ఫిర్యాదులు రాసుకున్నాడు కానీ, రాసుకోవడానికి చెయ్యి రాని ఫిర్యాదు అదొక్కటే.

స్టేషను వెనక రేకుల షెడ్డు. గుమ్మం పక్కన బోర్లించిన పెట్టె మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఇంజన్ల పనిలో ఆయనకి ఉన్న పేరు అంతా ఇంతా కాదు. నలభై ఏళ్ళుగా ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, అందరికీ మేస్త్రే. తొమ్మిది రోజులుగా ఆ మేస్త్రి పానా ముట్టుకోలేదు. గోళ్ళ సందుల్లో నల్లటి నూనె మరక పోయి, చేతులు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

"ఇంజను తెరవాలి బావా."

"ఇంకెవరినైనా పిలు."

"ఈ ఇంజను నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

"తెలిసే కదా చంపుకున్నాను."

డిటెక్టివ్ ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. "తప్పు నీదైతే, తెరిచినా నీదే, తెరవకపోయినా నీదే. కానీ అది స్టీరింగు ముందు కునికిందని కూడా రాశారు. నువ్వు సంతకం పెట్టబోయే కాగితం మీదే ఉంది. చిలక బండి నడుపుతూ కునికే పిల్లేనా?"

మేస్త్రి తలెత్తాడు. ఇరవై ఆరేళ్ళ కూతురు. పుట్టి మాటలు వచ్చిన దగ్గర్నుంచి నోరు మూసుకున్న పాపాన పోలేదని వాళ్ళమ్మే చిలక అని పేరు పెట్టింది. సొంతంగా ట్రక్కు నడుపుకుంటూ, దారంతా పాటలో, తనలో తనే కబుర్లో, ఎదురొచ్చే డ్రైవర్లకి జాగ్రత్తలో చెబుతూ పోయేది.

ఆయన లేచాడు.

ట్రక్కు ముందు భాగం ఎడమవైపు నలిగింది. గోడ కొట్టిన దెబ్బకి డ్రైవరు సీటు ముందుకొచ్చి స్టీరింగుకి ఆనుకుంది. మేస్త్రి అటు చూడకుండా ఇంజను వైపు తిరిగాడు. డిటెక్టివ్ టార్చి వేసి కిందికి చూశాడు. బ్రేకు పెడలు. దాని కడ్డీ మధ్యలో పక్కకి వంగి ఉంది.

"బావా, ఇది రిపేరుకి వచ్చినప్పుడు ఇలాగే ఉందా?"

మేస్త్రి చెయ్యి పెట్టి తడిమాడు. వేలు కడ్డీ వెంట నడిచి వంపు దగ్గర ఆగింది. "లేదు. ఇంత లావు ఇనుము... దీన్ని కాలితో వంచాలంటే మనిషి సీటు మీంచి లేచి తొక్కాలి."

"అంటే కునికిన కాలు కాదు."

"కాదు." ఆయన వేలు ఇంకా వంపు మీదే ఉంది. "ఇంజను ఆగిపోయింది దానికి. ఇంజను తిరుగుతుంటేనే బ్రేకుకి సాయం అందుతుంది. ఆగిపోయాక ఒకటి రెండు తొక్కుళ్ళు పలుకుతుంది, ఆ తర్వాత పెడలు బండరాయి. అందుకే రోడ్డు మీద గీతలు పడలేదు. తొక్కింది. తొక్కుతూనే ఉంది. చక్రాలే వినలేదు."

"ఇంజను ఎందుకు ఆగింది?"

మేస్త్రి బండి కంప్యూటరుకి తగిలించే చిన్న స్కానరు తెప్పించాడు. బ్యాటరీ వైర్లు కలిపి తాళం తిప్పితే, పగిలిన డాష్‌బోర్డులో ఇంజనులో లోపం ఉంటే వెలిగే పసుపు లైటు బతికే ఉంది. స్కానరు తెర మీదికి ఆ లోపం ఏమిటో చెప్పే నంబరు వచ్చింది. ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా, ఇంకా దగ్గరగా తెచ్చుకుని చదివాడు.

"వాల్వ్ టైమింగు," అన్నాడు. "ఇంజనులోకి గాలి వదిలే తలుపులు ఎప్పుడు తెరుచుకోవాలో ఒక పళ్ళ చక్రం ముందుకీ వెనక్కీ జరిగి చూసుకుంటుంది. దాన్ని జరిపేది నూనె. నూనె ఎటు పోవాలో చెప్పేది ఒక చిన్న వాల్వు, నా బొటనవేలంత ఉంటుంది. అది ఇరుక్కుపోతే చక్రం ముందుకి జరిగినచోటే ఉండిపోతుంది. బండి జోరుగా పోతున్నంతసేపూ తేడా తెలీదు. మలుపు దగ్గర స్పీడు తగ్గించి క్లచ్ తొక్కితే చాలు, ఇంజను గిలగిలా కొట్టుకుని ఆగిపోతుంది. పదిహేను రోజుల కిందట ఇదే గొడవతో తెచ్చింది. ఆ వాల్వే మార్చాను. కొత్తది వేసి, లైటు ఆర్పి పంపించాను."

"లైటు ఆర్పాక ఎంత దూరం నడిచిందో ఇందులో ఉంటుందా?"

మేస్త్రి రెండు మీటలు నొక్కి తెర ఇటు తిప్పాడు. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు.

"నువ్వు రిపేరు చేసినప్పటి మీటరు రాసుకున్నావా?"

"రాసుకున్నాను. అప్పటికీ ఇప్పటికీ తేడా ఆరువందల నలభై."

"మరి ఈ ముప్పై ఎనిమిది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లైటు మళ్ళీ వెలిగింది. గోడకి ముప్పై ఎనిమిది కిలోమీటర్ల ముందు ఎవరో దాన్ని మళ్ళీ ఆర్పారు.

మేస్త్రి ఇంజను మూత మరలు విప్పడానికి అటు వంగగానే డిటెక్టివ్ సీటు కింద చెయ్యి పోనిచ్చాడు. నీళ్ళ సీసా, తువ్వాలు, వాటి వెనక గట్టిగా దోపి పెట్టిన ఒక అట్టపెట్టె. సీలు తీయలేదు. మీద బొమ్మ, నంబరు. ఆ వాల్వే. అంచున ఒక విడిభాగాల షాపు ముద్ర. మేస్త్రి వీపు వైపు ఒకసారి చూసి దాన్ని జేబులో వేసుకున్నాడు. ఎందుకు దాస్తున్నాడో అతనికే తెలీలేదు.

గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. పదకొండుంపావు.

"నీ జాబితాలో బండిలో దొరికినవి పదకొండు వస్తువులు," అన్నాడు డిటెక్టివ్. పెట్టె తీసి చూపించాడు. "ఇది పన్నెండోది. నీ కుర్రకానిస్టేబుళ్ళు సీటు కిందికి వంగితే నడుం పట్టేస్తుందా? బ్రేకు పెడలు వంగి ఉంది, అది కూడా ఎవరూ చూడలేదు. ఆ కునికిపాటు వాక్యం ఇప్పుడే కొట్టేయి."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "పెడలు చూస్తాను. ఆ పెట్టె ఇటివ్వండి."

"రసీదు రాసి తీసుకెళ్తున్నాను. మూడింటికల్లా తెస్తాను."

"సార్, ఒక్క మాట. మీరు నాకు నేర్పిందే." ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "సాక్ష్యం మనవాడి పక్షానే మాట్లాడుతుందని ముందే అనుకోకూడదన్నారు. ఆ పెట్టె మీ బావగారి తరఫున మాట్లాడుతుందని మీకెవరు చెప్పారు?"

డిటెక్టివ్ పెట్టె జేబులో వేసుకుని కారెక్కాడు. మొదట ప్రమాదం జరిగిన మలుపు దాకా వెళ్ళి, అక్కడ మీటరు సున్నా చేసి, చిలక వచ్చిన దారినే వెనక్కి నడిపాడు. షాపు బోర్డు కనబడేసరికి మీటరు ముప్పై ఏడు దాటి ముప్పై ఎనిమిదికి తిరుగుతోంది.

షాపు యజమాని లావుపాటి మనిషి. పెట్టె చూడగానే అతని చూపు కౌంటరు మీద నుంచి నేల మీదికి జారింది.

"మా దగ్గర రోజూ ఇలాంటివి ఎన్నో పోతాయి సార్. ఎవరు కొన్నారో ఎలా గుర్తుంటుంది?"

"ఆడపిల్ల ట్రక్కు వేసుకుని వచ్చి వాల్వు కొంటే గుర్తుండదా? రోజుకి ఎంతమంది వస్తారేమిటి అలాంటివాళ్ళు?"

అతను గుడ్డ తీసుకుని కౌంటరు తుడవసాగాడు.

"లైటు ఆర్పింది నువ్వేనా?"

"నన్ను ఇరికించకండి సార్. పిల్లలున్నవాణ్ణి."

"ఆ పిల్లకీ తండ్రి ఉన్నాడు. చేయని నేరం నెత్తినేసుకుని సాయంత్రం సంతకం పెట్టబోతున్నాడు. నువ్వు నోరు విప్పితే ఆగుతాడేమో."

షాపు యజమాని చాలాసేపు తుడిచిన కౌంటరునే తుడిచాడు. తర్వాత గుడ్డ పక్కన పడేశాడు.

"ఆగడు సార్. నేను నోరు విప్పితే ఆయన అస్సలు ఆగడు."

"ఏమిటి?"

"ఆ రోజు పదీ నలభైకి వచ్చింది. లైటు వెలిగిందన్నా, చూడవా అంది. స్కానరు పెట్టాను. వాల్వు అంటుకుపోతోందమ్మా అన్నాను. నవ్వింది. 'మా నాన్న మొన్ననే కొత్తది వేశాడు, నీ స్కానరుకే జ్వరం వచ్చుంటుంది,' అంది. సరే చూద్దామని వైరు పీకి, వాల్వు సగం బయటికి లాగాను. అది కొత్తది కాదు సార్. పాతదే. పెట్రోలు పోసి తళతళలాడేట్టు కడిగారు గానీ, రబ్బరు ఉంగరం నొక్కుకుపోయి రాయిలా ఉంది. కొత్తది వేయబోయి కడిగిన పాతదాన్నే మళ్ళీ వేసేశాడాయన. కడిగింది కాబట్టి నాలుగు రోజులు నడిచింది."

బయట ఎవరో ఇనుప రేకు ఈడుస్తున్నారు.

"దాని మొహం చూడాల్సింది సార్. అంత వాగుడుకాయ, ఒక్క ముక్క మాట్లాడలేదు. కాసేపటికి 'నాన్నకి ఈ మధ్య కళ్ళు సరిగా ఆనడం లేదన్నా, అమ్మ డాక్టరు దగ్గరికి పొమ్మంటే పోట్లాడతాడు,' అంది. కొత్తది కొంది. పది నిమిషాల పని, నేనే వేస్తానన్నాను. ఒద్దంది. అప్పటికే ఇక్కడ నలుగురు మెకానిక్కులు నిలబడి ఉన్నారు, అందరూ మేస్త్రిని ఎరిగినవాళ్ళే. 'వీళ్ళ ముందు మూత తీస్తే సాయంత్రానికి ఊరంతా మేస్త్రి పని అయిపోయిందని చెప్పుకుంటారు. లోడు దించేశాక నేనే మార్చుకుంటాను. పని నేర్పింది ఆయనే కదా,' అంది. గోడౌను గేటు దగ్గర లైటు వెలుగుతుంటే లోపలికి రానివ్వరట, ఆర్పి పెట్టమంది. ఆర్పాను. నాన్నకి తెలియనివ్వొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. పోయేటప్పుడు కూడా పాట లేదు."

డిటెక్టివ్ కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. పన్నెండూ యాభై. తాళం తిప్పబోయి ఆగాడు. తండ్రి పరువు కాపాడటానికి ఒక పిల్ల తన నోరు తనే కుట్టేసుకుంది. ఆ కుట్టు విప్పడానికి తను ఇంత దూరం వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ రాసింది సగం నిజం. ఆ సగమూ తన బావ వైపు సగమే. స్టీరింగుకి తల ఆనించి, పెళ్ళిళ్ళకీ చావులకీ ఎప్పుడూ ఏడవని మనిషి ఏడ్చాడు.

షెడ్డుకి తిరిగి వచ్చేసరికి రెండూ నలభై. ఇంజను మూత తీసి ఉంది. పాత దుప్పటి మీద మరలు వరసగా పేర్చి ఉన్నాయి. మేస్త్రి చేతులకి మళ్ళీ నూనె అంటుకుంది. ఆయన ముందు గుడ్డ మీద ఆ చిన్న వాల్వు ఉంది.

"ఎక్కడికెళ్ళావు?"

"ఊరికే, రోడ్డు చూసొద్దామని."

"చూశావా?"

"చూశాను. ఏమీ తేలలేదు."

మేస్త్రి వాల్వు అందుకుని రబ్బరు ఉంగరాన్ని గోటితో నొక్కాడు. "నీకు అబద్ధం చెప్పడం మొదట్నుంచీ రాదు. ఇది నేను తీసేసిన పాతది. పొద్దున్న మూత తీసి చెయ్యి పెట్టగానే తెలిసింది. కళ్ళకి తెలీలేదు గానీ, వేళ్ళకి తెలిసింది. ఆ రోజు కూడా వేళ్ళనే నమ్ముకునుంటే సరిపోయేది. కొత్తదీ, కడిగిన పాతదీ ఒకే గుడ్డ మీద పెట్టాను. మెరుస్తోంది కదా అని ఇదే వేసేశాను."

డిటెక్టివ్ చెయ్యి తెలీకుండానే జేబు మీదికి పోయింది.

"నీ జేబులో ఏముంది? పొద్దున్న సీటు కింద ఏదో తీశావు."

ఇక దాచి లాభం లేదు. పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాడు. మేస్త్రి సీలు చింపి, వాల్వు తీసి, ఉంగరం నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. చాలాసేపు దాన్ని అరచేతిలోనే ఉంచుకున్నాడు.

"కొనుక్కుందా?"

"కొనుక్కుంది."

"అంటే దానికి తెలిసిపోయింది." ఆయన తల ఊపాడు. "తెలిసి, నాకు చెప్పలేదు."

ఆ తర్వాత ఆయన చేసిన పని డిటెక్టివ్ ఊహించలేదు. కొత్త వాల్వుకి రెండు చుక్కలు నూనె రాసి, రంధ్రంలోకి దించి, మర బిగించి, వైరు తగిలించాడు. పగిలిన రేడియేటరు సంగతి పక్కన పెట్టి తాళం తిప్పమన్నాడు. ఇంజను దగ్గింది, గరగరలాడింది, ఆగిపోతుందేమో అన్నట్టు వణికింది. అర నిమిషం తర్వాత లోపల ఎక్కడో పళ్ళ చక్రం తన చోటికి జరిగింది. చప్పుడు సర్దుకుంది. నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరిలా సమంగా తిరగసాగింది. మేస్త్రి ఇంజను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కళ్ళనీళ్ళు గడ్డం మీంచి కారుతుంటే తుడుచుకోలేదు.

"ఇంతే పని," అన్నాడు. "ఇంతే."

చప్పుడు విని ఇన్‌స్పెక్టర్ షెడ్డులోకి వచ్చాడు. అప్పుడే మేస్త్రి చెయ్యి ఇంజను మీంచి చటుక్కున లేచింది.

"ఆపు. ఆపు తాళం." ఆయన మొహంలో రంగు లేదు. "ఆ రోజు గుడ్డ మీద రెండు కాదు, నాలుగు వాల్వులున్నాయి."

"నాలుగా?"

"ఆ రోజే ఇదే రకం ఇంకో బండికి కూడా అదే పని చేశాను. గ్యాస్ సిలిండర్ల బండి. రెండు కొత్తవి, రెండు కడిగిన పాతవి. రెండు బళ్ళకీ రెండు వేశాను. మిగిలిన రెండూ చూడకుండానే సొరుగులో పడేశాను. వాటిలో ఒకటి పాతదైతే ఫరవాలేదు. రెండూ కొత్తవైతే ఆ బండిలోనూ పాతదే ఉన్నట్టు..." ఆయన డిటెక్టివ్ భుజం పట్టుకున్నాడు. "మీ అక్కకి ఫోను చెయ్యి. ఇంటి దగ్గర నా రిపేరు షెడ్డు తాళం దాని దగ్గరే ఉంది."

డిటెక్టివ్ నంబరు నొక్కాడు. అక్క ఎత్తింది. షెడ్డులోకి వెళ్ళి, ఎడమవైపు రెండో సొరుగు తీసి, అందులో గుడ్డలో చుట్టిన వాల్వులు రెండూ బయట పెట్టమన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. మెకానిక్కు ఇంట్లో ముప్పై ఏళ్ళు కాపురం చేసింది. సొరుగు లాగిన చప్పుడు ఫోనులో వినబడింది.

"తీశాను."

"రబ్బరు ఉంగరం గోటితో నొక్కక్కా. గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?"

"మెత్తగా ఉంది."

"రెండోది?"

"ఇదీ మెత్తగానే ఉంది. రెండూ కొత్తవేరా." ఆమె గొంతు మారిపోయింది. "రెండూ కొత్తవి ఇక్కడుంటే, దాని బండిలో ఏముంది?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

మేస్త్రి అప్పటికే తన ఫోను కళ్ళకి ఆనించుకుని నంబరు వెతుకుతున్నాడు. దొరక్కపోతే ఇన్‌స్పెక్టర్ లాక్కుని వెతికిపెట్టి, స్పీకరు నొక్కాడు. ఏడుసార్లు మోగాక సిలిండర్ల డ్రైవరు ఎత్తాడు.

"ఏం మేస్త్రీ, బాగున్నారా? నేనే చేద్దామనుకుంటున్నా. పొద్దున్నించీ పసుపు లైటు వెలుగుతోంది. రోజూ ఊళ్ళోనే తిప్పుతాను కదా, ఇవాళే మొదటిసారి కొండ మీదికి పంపారు. దిగుతున్నాను. స్పీడు తగ్గిస్తే ఇంజను ఒణుకుతోంది."

ఇన్‌స్పెక్టర్ తన వైర్‌లెస్ తీసుకుని బయటికి పరుగెత్తాడు. కొండ కింద రోడ్డు ఆపమని అరుస్తున్న గొంతు షెడ్డులోకి వినిపించింది.

మేస్త్రి ఫోనుని రెండు చేతులతో పట్టుకున్నాడు. గొంతు మాత్రం రోజూ పని చెప్పే గొంతే. "ఏ గేరులో ఉన్నావు?"

"మూడు."

"మూడులోనే ఉండనీ. ఇప్పుడు నేను చెప్పేదాకా క్లచ్ తొక్కకు. న్యూట్రల్ చేయకు. చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. ఇంజను తిరుగుతున్నంతసేపూ బ్రేకు నీ మాట వింటుంది."

"మలుపు వస్తోంది మేస్త్రీ."

"రానీ. అలవాటుగా కాలు క్లచ్ మీదికి పోతుంది. పోనివ్వకు. బ్రేకు మాటిమాటికీ కొట్టకు, ఒక్కసారే తొక్కి పట్టు. పట్టే ఉంచు. కొండ వైపు మట్టి ఉంటుంది, అందులోకి దించు."

"ఒణుకుతోంది."

"ఒణకనీ. కుదిపి ఆగిపోతుంది. ఆగనీ. ఆగగానే హ్యాండ్ బ్రేకు లాగు."

ఫోనులో సిలిండర్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్న మోత. రాళ్ళు చక్రాల కింద నలిగిన చప్పుడు. పెద్ద కుదుపు. తర్వాత ఏమీ లేదు.

"ఆగింది మేస్త్రీ," అన్నాడు డ్రైవరు, చాలాసేపటికి. "కొండ రాయి ఇంకా బారెడు దూరం ఉంది. ఆగింది."

"చక్రాల కింద రాళ్ళు పెట్టి దిగిపో. పోలీసులు వస్తారు. బండి ముట్టుకోకు."

ఫోను దుప్పటి మీద పెట్టి, మేస్త్రి నేల మీదే కూలబడ్డాడు. "ఈ నాలుగు మాటలే," అన్నాడు. "'నాన్నా, లైటు మళ్ళీ వచ్చింది' అని అది ఒక్క ఫోను చేసుంటే ఈ నాలుగు మాటలే చెప్పేవాణ్ణి. నన్ను చిన్నబుచ్చకూడదని..."

ఇన్‌స్పెక్టర్ తిరిగి వచ్చి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీసి, కునికిపాటు గురించి తను రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. మేస్త్రి చెయ్యి చాచి పెన్ను అడిగాడు. "రెండు బళ్ళు అని రాయండి," అన్నాడు. ఆయన సంతకం పెడుతుంటే ఆపడానికి డిటెక్టివ్‌కి ఏ కారణమూ మిగల్లేదు.

అతని ఫోను మోగింది. అక్క. ఎక్కడో రోడ్డు మీద నడుస్తున్నట్టు ఆమె ఆయాసపడుతోంది.

"మీ బావ పక్కనే ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"నేను వస్తున్నాను. వచ్చేదాకా ఆయన్ని ఒక్కణ్ణీ వదలకు. కోపంతో కాదురా నేను వచ్చేది." కాసేపు నడక చప్పుడే వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. "ఒకటి చెప్పు. వాళ్ళ నాన్న పొరపాటు చేశాడని చిలకకి తెలుసా?"

మేస్త్రి ఆ ప్రశ్న విన్నాడు. నేల మీంచి తలెత్తి, చెప్పొద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ కళ్ళలో ఉన్న వేడికోలు చూస్తే ఎవరికైనా నోరు పడిపోతుంది. డిటెక్టివ్ ఆ చేతిని చూశాడు. ఈ ఇంట్లో ఒకరి కోసం ఒకరు దాచుకున్నది ఇప్పటికే చాలనిపించింది.

"తెలుసక్కా," అన్నాడు.